బడి పని చేసి ఇవ్వకపోయినా వందకు 50 మార్కులు వేయడం సబబేనా?
మా అబ్బాయి చదివే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వచ్చే ఏడాది నుంచి, ఇచ్చిన పని అప్పగించకపోయినా సున్నా వేయరట, కనీసం 50 వేస్తారట. వినగానే ఒళ్లు మండింది. తర్వాత కాగితం మీద లెక్క వేశాను: 80, 90, 85 తెచ్చుకున్న పిల్లవాడు నాలుగోది ఎగ్గొడితే సగటు 63.75కు పడిపోతుంది, 50 వేస్తే 76.25. ఒక్క సున్నా మూడింటి కష్టాన్ని మింగేస్తోందన్నది నిజమే. అయినా రాయని కాగితానికి సగం మార్కులా? రాత్రంతా చదివి 52 తెచ్చుకున్న పిల్లకు ఏం సమాధానం చెప్పాలి? (మావాడైతే ఎగిరి గంతేశాడు, అది వేరే సంగతి.)

ఈ పద్ధతి ఉన్న బడుల్లో పాఠాలు చెప్పినవారు ఎవరైనా ఉన్నారా? పిల్లలు నిజంగా కోలుకున్నారా, బద్ధకించారా? దీనికంటే పరీక్ష మళ్లీ రాయనివ్వడం మేలా? వచ్చే వారం తల్లిదండ్రుల సమావేశంలో నేను మాట్లాడాలి.