"త్రిశర" అంటే ఎంత? "గాభజసనలము"లో గణాలు ఐదే ఎందుకు?

కడప నుంచి ప్రశ్న:
కంద లక్షణం చెప్పే పద్యం "కందము త్రిశర గణంబుల" అని మొదలవుతుంది. త్రిశరకు మూడు బాణాలని అర్థం చెబితే అతకడం లేదు. ఆ వెంటనే వచ్చే "గాభజసనలము"లో ఈ ఐదు గణాలే ఎందుకు? మ, ర, య, త గణాలు ఎందుకు రాలేదు? పిల్లలకు చెప్పాలి, బట్టీ పట్టించడం ఇష్టం లేదు.

ప్రొద్దుటూరు నుంచి:
అన్నా, శర అంటే ఇక్కడ ఐదు. మన్మథుని బాణాలు ఐదు కదా. అగ్ని అంటే 3, వేదం అంటే 4, ఋతువు అంటే 6. వీటిని భూతసంఖ్యలు అంటారు. జ్యోతిష, గణిత గ్రంథాలు శ్లోకాల్లో ఉండేవి కాబట్టి యతికి, గణానికి సరిపోయే మాట కావాలి. ఐదుకు శర, బాణ, ఇషు ఏదైనా వాడుకోవచ్చు. కాబట్టి త్రి, శర: మొదటి పాదంలో 3 గణాలు, రెండో పాదంలో 5. మూడు, నాలుగు పాదాలు మళ్ళీ అట్లే.

ఐదు గణాల సంగతి ఇంకా బాగుంటుంది. కందంలో గణానికి 4 మాత్రలు. లఘువుకు 1, గురువుకు 2. పిల్లలకు గణాల పేర్లు చెప్పకుండా, 4 మాత్రలను ఎన్ని రకాలుగా నింపవచ్చో పలక మీద రాయమనండి. గగ, గలల, లగల, లలగ, లలలల వస్తాయి. ఆరోది రాదు. వాటికే గగ, భ, జ, స, నల అని పేర్లు. మగణానికి 6 మాత్రలు. ర, య, తలకు 5. అందుకే వాటికి చోటు లేదు. ఎవరో ఏరి పెట్టిన గణాలు కావు ఇవి, 4 మాత్రల పూర్తి ప్రస్తారం, అంటే రాగల రూపాలన్నీ.

రాయకుండానే లెక్క కట్టే దారి ఉంది. చివర లఘువు వస్తే దాని ముందు 3 మాత్రలు మిగులుతాయి, వాటికి 3 రూపాలు. చివర గురువు వస్తే ముందు 2 మాత్రలు, వాటికి 2 రూపాలు. 3+2=5. ఇట్లే 5 మాత్రలకు 8, 6 మాత్రలకు 13. ఈ వరుసను విరహాంకుడు, ఆయన తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఛందస్సు కోసమే చెప్పినారు. ఇప్పుడు ఈ వరుసను ఎవరి పేరుతో పిలుస్తారో ఆ ఫిబొనాచీ పుస్తకం 1202లో వచ్చింది. లెక్కల క్లాసులో ఆ పేరు వచ్చిన రోజే కందం కూడా చెబితే ఎంత బాగుంటుంది!

నంద్యాల నుంచి:
మాత్రలు సరిపోతే కందం అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అక్కడే తప్పుతుంది. అందరికీ వచ్చిన సుమతి పద్యం తీసుకోండి.

అక్కర | కురాని | చుట్టము: భ, జ, భ.
మ్రొక్కిన | వరమీ | నివేల్పు | మోహర | మునఁదా: భ, స, జ, భ, స. 

రెండు పాదాలకు కలిపి 8 గణాలు, 32 మాత్రలు. ఆ లక్షణ పద్యంలోనే "జగణ ముండదు బేసిన్" అంటే 1, 3, 5, 7 చోట్ల జగణం రాకూడదు. అయితే 2 పాదాలనూ కలిపి వరుసగా ఎంచాలి. "వేల్పు" దగ్గరి జగణం రెండో పాదంలో మూడోది కాబట్టి తప్పని కొందరు దిద్దుతారు. మొదటి నుంచి ఎంచితే అది 6వ గణం. 6వ చోట జ గాని నల గాని ఉండి తీరాలి. 8వది గురువుతో ముగియాలి, అంటే గగ లేదా స. పైన చెప్పిన 3+2లో ఆ రెండే చివర గురువున్నవి.

ఇప్పుడు అదే పాదాన్ని "చుట్ట మక్కరకు రానిది" అని మార్చి చూడండి. మాత్రలు 12 సరిగ్గానే ఉన్నాయి. కానీ "చుట్ట" 3 మాత్రలు, తర్వాతి "మ" గురువు. అది 4వ, 5వ మాత్రల మీద అడ్డంగా పడింది. గణం విడదీయలేం, పద్యం చెడిపోయింది. చదివితే నడక తడబడేదీ అక్కడే. కాబట్టి మొత్తం కూడొద్దు, నాలుగేసి మాత్రలకు గీత గీసుకుంటూ పోవాలి.

కదిరి నుంచి:
కందంలో ఎన్ని నడకలున్నాయో కూడా కట్టవచ్చు. 1, 3, 5, 7 చోట్ల 4 రకాలు, 2, 4 చోట్ల 5, 6వ చోట 2, 8వ చోట 2. అయితే మొదటి అక్షరం గురువైతే నాలుగు పాదాలూ గురువుతోనే మొదలు కావాలి, లఘువైతే లఘువుతోనే. ఈ నియమం మరిచిపోతే లెక్క చాలా పెరిగిపోతుంది. గురువుతో మొదలైతే సగం పద్యానికి 5,120, లఘువుతో అయితే 7,680. వాటి వర్గాలు కూడితే 8,51,96,800.

మా పక్క వేమన సమాధి ఉంది కాబట్టి ఆటవెలదికీ కట్టినాం. సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6. బేసి పాదంలో 3 సూర్య, 2 ఇంద్ర: 288. సరి పాదంలో 5 సూర్య: 32. నాలుగు పాదాలకు 8,49,34,656. నియమాలు ఇంత వేరుగా ఉన్న రెండు పద్యాల మధ్య తేడా 2,62,144 మాత్రమే. వేమన నాలుగో పాదం మకుటమే కాబట్టి ఆయనకు మిగిలినవి 26,54,208.

కడప నుంచి:
చాలా సంతోషం. సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6 అన్నారు, వీటికీ ఏదైనా ప్రస్తారం ఉందా? 3 మాత్రలకు 3 రూపాలు రావాలి, సూర్యగణాల్లో లగ లేదు.

ప్రొద్దుటూరు నుంచి:
ఉందన్నా, కానీ మాత్రల ప్రస్తారం కాదు. రెండు గురువులతో మొదలుపెట్టండి. మొదటి గురువును రెండు లఘువులుగా విడదీయవచ్చు, మిగతా గురువులను ఒక్క లఘువుగా మార్చవచ్చు. గగ, లలగ, గల, లలల: నాలుగు. మొదటి రెండూ తీసేస్తే మిగిలేవి హగణం, నగణం. అవే సూర్యగణాలు. మూడు గురువులతో చేస్తే 8, రెండు తీస్తే ఇంద్రగణాలు 6. నాలుగింటితో 16, రెండు తీస్తే చంద్రగణాలు 14. ఈ పద్ధతిలో లగ పుట్టనే పుట్టదు, ఎందుకంటే ముందు గురువు విడితే రెండు లఘువులూ కలిసే వస్తాయి. ఆరు ఇంద్రగణాలను పిల్లల చేతనే రాయించండి, నగ, సల పేర్లు ఆ తర్వాత చెప్పండి.