అప్‌డేట్: జంప్ కర్ర చూసి పరిగెత్తే గుర్రం, సంగతి తేలింది

రేసుల నుంచి రిటైరైన నా తరోబ్రెడ్ (రేసు జాతి) ఆడ గుర్రం జంప్ కర్ర కనిపించగానే తల పైకెత్తి పరుగు లంకించుకుంటోందని, ఏం చేయాలని ఇదివరకు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మొదట దాని పళ్లు డాక్టర్‌కి చూపించమని ఒక అన్న చెప్పిన మాటే నిజమైంది. వెటర్నరీ డాక్టర్ నోరు తెరిచి చూస్తే పై దవడలో నమిలే పళ్ల బయటి అంచులు బాగా పదునెక్కి బుగ్గ లోపల పుండ్లు పడి ఉన్నాయి, అంటే పగ్గం లాగిన ప్రతిసారీ దానికి నొప్పే. ఆకురాయితో అరగదీశారు. పుండ్లు మానేదాకా నోట్లో బిట్ (పగ్గం కట్టే లోహపు కడ్డీ) పెట్టకుండా పక్కన నడిపించడమే.

తర్వాత నేల మీద సుమారు 4.5 అడుగుల ఎడంతో కర్రలు పరిచి ట్రాట్‌లో (నడకకీ పరుగుకీ మధ్య వేగం) దాటించాం. అది అలవాటయ్యాకే తక్కువ ఎత్తు క్రాస్ (రెండు కర్రలు X ఆకారంలో పెట్టిన జంప్), దానికి 9 అడుగుల ముందు నేల మీద ఒక కర్ర. ఆ కర్ర వల్ల ఎక్కడ ఎగరాలో దానికే తెలుస్తోంది, తొందరపడటం లేదు. దూకాక పగ్గం వదులు చేసి మెడ గోకుతాను (తట్టితే ఉలిక్కిపడుతుంది, గోకితే పై పెదవి సాగదీసుకుని నిలబడిపోతుంది).

కొందరు చెప్పిన గట్టి బిట్ అవసరమే రాలేదు. దాణాలో ఓట్స్ తగ్గించినా తేడా లేదు. కొత్త మైదానంలో ఇంకా టెన్షన్ పడుతుంది, అక్కడ మళ్లీ నేల కర్రలతోనే మొదలుపెడుతున్నాం.