ఉత్ప్రేరకం ‘సమక్షంలో’నా, ‘మీద’నా?

రసాయన చర్యను వేగవంతం చేసి, తాను ఖర్చు కాకుండా మిగిలే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాము. దాని గురించి కావలిలో సైన్సు చెప్పే సోదరి నిన్న ఈ బృందంలో అడిగిన ప్రశ్న ఇది: “ఉత్ప్రేరకం అన్న మాట పిల్లల నోట తిరగడం లేదు. పాలలో వేసే తోడు అందరికీ తెలిసిందే కదా, దీనినీ ‘తోడు’ అంటే సరిపోదా?”

అమ్మా, తోడు అన్న మాట మీద నాకూ మమకారమే. అయితే గోరువెచ్చని పాలలో కలిపిన చెంచాడు మజ్జిగ తెల్లవారేసరికి విడిగా మిగలదు. అందులోని సూక్ష్మజీవులు గిన్నె అంతటా పెరుగుతాయి, రేపటి తోడును ఆ పెరుగులోంచే తీస్తాము. అమ్మోనియా కర్మాగారంలో నత్రజని, హైడ్రోజన్‌లను కలపడానికి ఉత్ప్రేరకంగా వాడే ఇనుము అలా పెరగదు, ఖర్చు కాదు, ఏళ్ల తరబడి అదే పని చేస్తుంది. కాబట్టి ఇనుముకు ఉత్ప్రేరకం అన్న పేరే ఉంచుదాం.

నన్ను బాధించేది ఆ పేరు కాదు, ‘ఉత్ప్రేరకం సమక్షంలో చర్య జరుగుతుంది’ అంటూ దాని పక్కన మనం అలవాటుగా రాసే ‘సమక్షంలో’ అన్న మాట. పెద్దల సమక్షంలో పెళ్లి జరిగిందంటే పెద్దలు చూస్తూ కూర్చున్నారనే అర్థం వస్తుంది. ఇనుము చూస్తూ కూర్చోదు. విడదీయడానికి ఎంతో కష్టమైన మూడు బంధాల నత్రజని అణువు ఇనుము ఉపరితలానికి అంటుకుని రెండు పరమాణువులుగా విడిపోతుంది, వాటికి హైడ్రోజన్ ఒక్కొక్కటిగా చేరుతుంది, అమ్మోనియా లేచిపోగానే ఆ చోటు మళ్లీ ఖాళీ అవుతుంది. ఉపరితలాల మీద జరిగే ఇటువంటి చర్యలను అంచెలంచెలుగా వివరించినందుకే జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్ట్ల్‌కు 2007లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. 1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ ఉత్ప్రేరకం చేసే ఈ పనికి పెట్టిన ‘కెటాలిసిస్’ అన్న గ్రీకు పేరులోనూ ‘సడలించడం’ అన్న అర్థమే ఉంది. అందువల్ల ‘ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదు’ అన్న వాక్యం తప్పు. పాల్గొంటుంది, చివరకు తిరిగి మిగులుతుంది. మా కోవూరు రైతు వరికి చల్లే 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉండే నత్రజని ఇలా విడిపోయి వచ్చినదే.

ఇక మీ ‘తోడు’ను వదులుకోనక్కర లేదు, దానికి ఇక్కడే మరొక చోటు ఉంది. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ అమ్మోనియా తయారీని చూపించిన ప్రయోగంలో ఉత్ప్రేరకంగా వాడిన ఆస్మియం అనే లోహం లోకంలో చాలా అరుదు. చవకైన దాని కోసం జర్మన్ రసాయన సంస్థ బి.ఎ.ఎస్.ఎఫ్.లో శాస్త్రవేత్త మిటాష్ బృందం వేల నమూనాలు పరీక్షిస్తుండగా, స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం అనుకోనంత బాగా పనిచేసింది. శుద్ధమైన ఇనుముకు లేని ఆ బలం అందులో కలిసి ఉన్న ఇతర పదార్థాల వల్ల వచ్చిందని తేలింది. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, సన్నని ఇనుప రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాస్తుంది, పొటాషియం నత్రజని బంధం తెగడానికి సాయపడుతుంది. ఒంటరిగా ఆ పని చేయలేక, ఇనుము వెంట ఉండి దాని సత్తువ పెంచే వీటిని ‘తోడు’ అనడం ఎంతో సహజం.

రేపు బోర్డు మీద ఇలా రాసి చూడండి: “సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద, 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో, అల్యూమినా, పొటాషియం తోడుగా ఇనుము మీద నత్రజని, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అవుతాయి.”