ఎల్ పార్దో వెళ్తే ఆర్కో డ్యూక్ కింతా కూడా చూడాలా?

పాతగోడ:
మాద్రిద్‌లో ఒక్క పూటే చేతిలో ఉంటే శివారు ఊరు ఎల్ పార్దోలోని రాజప్రాసాదం చాలు, కింతా అనే ఆ తోట ఇల్లు దండగ. అది ఎల్ పార్దో ఊళ్ళో లేదు, ఫుయెన్‌కర్రాల్ పేట వైపు ఊరి బయట ఉంది. తీరా వెళ్తే కనిపించేది ఓ మోతుబరి మేడ.

బస్సుకిటికీ:
ఆ మోతుబరితనమే చూడాలండీ. స్పెయిన్ రాజు ఐదో ఫెలిపె వేటల వ్యవహారం చూసిన దొర అలోన్సో మన్రీకె, ఆర్కో డ్యూక్, 1717లో కొన్న భూమి అది. ఆయన పోయాక 1745లో భార్య రాజుకు ఇచ్చేసింది. కింతా అంటే ఐదో వంతు. పంటలో ఐదో వంతు కౌలుగా ఇచ్చే పొలాల మీది ఇళ్ళకు ఆ పేరు వచ్చింది. అసలు అందం మెట్లు మెట్లుగా దిగే తోటది. దాన్ని వేసింది క్లోద్ త్రుషె అనే ఫ్రెంచివాడు.

పాతగోడ:
తోట సరే, ఇంట్లో ఏముంది?

కాగితంపూలు:
గోడల కాగితం ఉంది! 19వ శతాబ్దపుది. అప్పట్లో చెక్క అచ్చులతో, జిగురు కలిపిన రంగులతో అద్దేవారు. ఆ రంగు తడి తగిలితే కరుగుతుంది, వేలు తగిలితే పొడిగా రాలుతుంది, ఎండకు వెలిసిపోతుంది. ఇలాంటి గదుల్లో కిటికీలు మూసి ఉంచేది, గుంపుల్ని రానివ్వనిదీ అందుకే. గది మూలల్లో అతుకు దగ్గర నిలబడి చూడండి, పువ్వు సగం ఇటూ సగం అటూ కలిసిందో లేదో. అంటించినవాడి పనితనమంతా అక్కడే తెలుస్తుంది. అయితే తోట తెరిచారంటే ఇల్లూ తెరిచినట్టు కాదు. ఈ రాజభవనాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ పత్రిమోనియో నాసియొనాల్ సైటులో రెండూ విడివిడిగా చూసుకోవాలి.

బస్సుకిటికీ:
దారి సంగతి. మాద్రిద్‌లోని మోంక్లోవా బస్టాండు నుంచి 601 బస్సు ఎల్ పార్దోకు వెళ్తుంది, అక్కణ్ణుంచి టాక్సీ మేలు. మ్యాపులో ఉత్త ‘కింతా’ అని కొడితే కింతా దె లోస్ మొలీనోస్‌కు పట్టుకుపోతుంది. అది నగరానికి తూర్పున ఉన్న బాదం చెట్ల పార్కు. ‘కింతా దెల్ దూకె దెల్ ఆర్కో’ అని పూర్తిగా కొట్టాలి. సోమవారం వద్దు. ఇంకోటి, ఎల్ పార్దో రాజప్రాసాదం 1983 నుంచి విదేశీ అధినేతల విడిది. అతిథి దిగితే మనకు తలుపు మూతే. టిక్కెట్టు లేని వేళలు కూడా యూరోపియన్ యూనియన్, లాటిన్ అమెరికా పౌరులకూ అక్కడ నివాస కార్డు ఉన్నవాళ్ళకూ. అక్కడ చదువుకునే మన పిల్లలు కార్డు జేబులో పెట్టుకోవాలి, వట్టి పాస్‌పోర్టు చెల్లదు.

పాతగోడ:
ఏప్రిల్ అయితే తోటకు నా ఓటూ వేస్తాను. జూలైలో ఆ మెట్లు ఎక్కమంటే మాత్రం మొదటి మాటే.