పదేళ్ళ పిల్లాడికి ‘బంతిని పైనుంచి కిందికి కొట్టు’ అని నేర్పడం సరైనదేనా?

ఫ్రిస్కో నాన్న (శనివారం, రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఉంటాం. మావాడికి పదేళ్ళు, పిల్లల బేస్‌బాల్, అదే లిటిల్ లీగ్‌లో ఇది రెండో సీజన్. పోయిన సీజన్‌లో వాడు కొడితే బంతి నిట్టనిలువుగా లేచి వెనకున్న క్యాచర్ చేతిలోనో బంతి విసిరే పిచ్చర్ చేతిలోనో పడేది. ఈసారి కోచ్ ‘గొడ్డలితో కట్టె నరికినట్టు పైనుంచి కిందికి కొట్టు’ అంటున్నాడు. ఇప్పుడేమో కొట్టినవన్నీ నేల మీద దొర్లుకుంటూ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) దగ్గరికి పోతున్నాయి. ఈ రోజు మూడుసార్లు అలాగే ఔటయ్యాడు. కారెక్కాక ఒక్క మాట మాట్లాడలేదు. నేను క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, ఈ ఆట నాకు మావాడితోపాటే పరిచయం. ఆన్‌లైన్‌లో ఒకరు కిందికి అంటారు, ఒకరు పైకి అంటారు. ఏది కరెక్ట్?

పాత ఓపెనర్ (రాత్రి 10:05)
తమ్ముడూ, మీ కోచ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను గుంటూరులో ఎనిమిదేళ్ళు ఓపెనింగ్ బ్యాటింగ్ చేశాను. ఎడిసన్ వచ్చాక మావాడి ఆట తొమ్మిదేళ్ళు దగ్గరుండి చూశాను. బంతి గాల్లో ఉంటే ఒక్కడు పట్టుకుంటే చాలు. నేల మీద ఉంటే ఒకడు ఆపాలి, మొదటి బేసుకి సరిగ్గా విసరాలి, అవతలివాడు పట్టాలి. ఆ వయసు పిల్లలు ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పుతారు. ఇంకో మాట, మణికట్టు. మన అజహరుద్దీన్, లక్ష్మణ్ బంతి తగిలే క్షణంలో మణికట్టు ఎలా తిప్పేవారో మీవాడికి చూపించండి. అలా తిప్పితే బంతి లేవదు. ఆట మారినా చేతులు అవే.

సాఫ్ట్‌బాల్ అమ్మ (రాత్రి 10:12)
బాబు వాడే బ్యాటు పొడవు, బరువు ఎంత? బాబు ఎత్తు ఎంత?

కేజ్ నాన్న (రాత్రి 11:30)
ఓపెనర్ గారూ, పెద్దవారు, కానీ ఇది పిల్లల ఆట పాడుచేసే సలహా. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

క్రికెట్‌లో బంతి నేలను తాకి పైకి లేస్తుంది. బేస్‌బాల్‌లో పిచ్చర్ నిలబడే దిబ్బ మీద నుంచి కిందికి దిగుతూ వస్తుంది. పెద్ద లీగులో (మేజర్ లీగ్) ఆ దిబ్బ ఎత్తు 10 అంగుళాలు, 1969కి ముందు 15 ఉండేది. ఫాస్ట్‌బాల్ (వేగంగా విసిరే బంతి) ప్లేట్ దగ్గరికి, అంటే కొట్టేవాడి దగ్గరికి వచ్చేసరికి దాదాపు 6 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. బ్యాటు కూడా కిందికే వస్తే రెండు దారులూ కత్తెరలాగా ఒక్క చోటే కలుస్తాయి. రెప్పపాటు ముందైనా, వెనకైనా బంతి తప్పిపోతుంది, లేదా దాని నెత్తిన తగులుతుంది. బ్యాటు కొంచెం పైకి లేస్తూ బంతి దారిలోనే ఎదురెళ్తే టైమింగ్ కాస్త తప్పినా తగులుతుంది. 1941లో .406 సగటు (పదింట్లో నాలుగు హిట్లు) కొట్టిన పెద్ద లీగు దిగ్గజం టెడ్ విలియమ్స్ జీవితాంతం చెప్పింది ఇదే. కొంచెం పైకి అంటే గరిటెతో తోడినట్టు కాదు, అదీ తప్పే.

మణికట్టు సంగతి. బంతి తగిలేటప్పుడు కుడిచేతివాటం పిల్లాడి కుడి అరచెయ్యి ఆకాశం వైపు, ఎడమ అరచెయ్యి నేల వైపు ఉండాలి. చేతులు తిరిగేది బంతి వెళ్ళిపోయాక. ముందే తిప్పితే ఏమవుతుందో తెలుసా? బంతి దొర్లుకుంటూ షార్ట్‌స్టాప్ దగ్గరికి పోతుంది. ఫ్రిస్కో నాన్న గారు రాసింది సరిగ్గా అదే. అజహరుద్దీన్‌కి మైదానం నాలుగు వైపులా ఉంది. ఇక్కడ రెండు ఫౌల్ లైన్ల మధ్య 90 డిగ్రీలే.

చిత్తూరోడు (రాత్రి 11:34)
ఫాలో అవుతున్నా. మావాడికీ ఇదే సమస్య.

పాత ఓపెనర్ (ఆదివారం, ఉదయం 7:15)
10 అంగుళాల దిబ్బ పెద్దవాళ్ళకి. లిటిల్ లీగ్‌లో 6 అంగుళాలే. పిల్లాడి గురించి అడిగితే పెద్ద లీగు లెక్క చెప్తారేంటి? దిబ్బే తక్కువైతే మీ వాలు ఎక్కడిది?

కేజ్ నాన్న (ఉదయం 8:02)
దిబ్బ తక్కువైనా వాలు ఎక్కువే, లెక్క చూడండి. పిల్లలకి పిచ్చర్ నుంచి ప్లేట్‌కి దూరం 46 అడుగులు. గంటకు 45 మైళ్ళు అంటే సెకనుకు 66 అడుగులు. చేరడానికి సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. అంతసేపు నేలకి పడిపోకుండా రావాలంటే పిల్లాడు బంతిని కాస్త పైకి విసరాల్సిందే. పైకి వెళ్ళింది ఏటవాలుగా దిగుతుంది. నేను వేసిన లెక్కలో ప్లేట్ దగ్గర 12 డిగ్రీలు వచ్చింది. పెద్దవాళ్ళ వాలుకి ఇది రెట్టింపు. అంటే ‘కిందికి కొట్టు’ అన్న మాట పిల్లలకే ఎక్కువ చెరుపు.

పాత ఓపెనర్ (ఉదయం 8:20)
కాగితం మీద లెక్కలు బంతి కొట్టవు. 6 అంగుళాలని ఒప్పుకున్నారు, అది చాలు. పెద్ద లీగులో ఆడిన జపాన్ ఆటగాడు ఇచిరో 2004లో 262 హిట్లు కొట్టాడు, ఇప్పటికీ రికార్డు. అందులో 225 సింగిల్సే, అంటే మొదటి బేసు దాకా వెళ్ళినవే. నేల మీద కొట్టి పరుగెత్తాడు. దానికేమంటారు?

కేజ్ నాన్న (ఉదయం 8:41)
ఇచిరో ఎడమచేతివాటం. అటువైపు నిలబడి కొడతాడు కాబట్టి మొదటి బేసుకి ఒకటి రెండు అంగలు దగ్గర, పైగా మెరుపులా పరుగెత్తేవాడు. ఆయన్ని చూసి అందరికీ అదే నేర్పితే ఎలా? పెద్ద లీగు ఆటగాడు జె.డి. మార్టినెజ్‌ని చూడండి. 2014 మార్చిలో హ్యూస్టన్ జట్టు వదిలేసింది. దానికి ముందు చలికాలంలోనే అతను స్వింగ్ మొత్తం మార్చుకున్నాడు, బ్యాటు బంతి దారిలోకి వచ్చేలా. అదే ఏడాది డెట్రాయిట్‌కి .315 సగటు, 23 హోమ్ రన్లు.

సాఫ్ట్‌బాల్ అమ్మ (ఉదయం 9:10)
మళ్ళీ అడుగుతున్నాను. బ్యాటు సైజు ఎంత?

వరంగల్ వాసు (ఉదయం 9:15)
దిబ్బ సంగతి వదిలేసి పిల్లాడి సంగతి చూడండి అన్నా.

కేజ్ నాన్న (ఉదయం 10:25)
నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మావాడికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక కోచ్ ‘వెనక కాలితో పురుగుని నలిపినట్టు తిప్పు’ అని నేర్పాడు. ఇక్కడ సగం మంది కోచ్‌లు చెప్పేది అదే. వాడు వెనక కాలు నేలకి అతికించి అక్కడే గిర్రున తిరగడం మొదలుపెట్టాడు. ఒంట్లో బరువు ముందుకి రాదు. బ్యాటు బంతిని తాకుతుంది కానీ బలం ఉండదు. రెండేళ్ళు అలాగే పోయాయి. ఫోన్‌లో స్లో మోషన్ తీసి, పెద్ద ఆటగాళ్ళ వీడియో పక్కన పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. బంతి తగిలే సమయానికి వాళ్ళ బరువు ముందు కాలి మీద ఉంటుంది. వెనక కాలి వేళ్ళు నేలని తాకీ తాకనట్టు ఉంటాయి, కొందరివి గాల్లోనే ఉంటాయి. ముందు పాదం ఆనాలి, తర్వాత నడుము, తర్వాత ఛాతీ, ఆఖరికి చేతులు. పురుగు నలపడం అనేది నడుము తిరిగితే దానంతటది కనిపించే గుర్తు. గుర్తుని పట్టుకుని అదే పని అని నేర్పేశారు. ఆ రెండేళ్ళు మావాడికి ఎవరు తిరిగి ఇస్తారు?

పాత ఓపెనర్ (ఉదయం 11:50)
మీ బాధ మీరు చెప్పారు, నాదీ వినండి. మావాడు పదకొండేళ్ళ దాకా చక్కగా కొట్టేవాడు. అప్పుడు ఊళ్ళు తిరిగి పోటీలాడే ట్రావెల్ జట్టులో వేశాం, వాళ్ళు చెప్పిన ప్రైవేట్ క్లాసులు పెట్టించాం. ఒక్క సీజన్‌లో ముగ్గురు మనుషులు మూడు స్వింగులు నేర్పారు. ఒకడు చేతులు ముందంటాడు, ఒకడు నడుము ముందంటాడు, ఇంకొకడు మీలాగే వీడియో ఆపి గీతలు గీస్తాడు. ప్లేట్ దగ్గర నిలబడితే వాడికి బంతి కనిపించడం మానేసింది, గీతలే కనిపించాయి. పదమూడేళ్ళకి గ్లవ్ గరాజ్‌లో పడేశాడు, మళ్ళీ ముట్టలేదు. మీ డిగ్రీల పిచ్చి ఉన్నవాళ్ళే వాణ్ణి ఆటకి దూరం చేశారు.

కేజ్ నాన్న (మధ్యాహ్నం 12:05)
మీవాడు మానేసినదానికి నన్నంటారేంటి? క్రికెట్ తెలిసినంత మాత్రాన ఈ ఆట తెలిసినట్టు కాదు. తెలియని విషయంలో సలహా ఇవ్వకుండా ఉండటం కూడా సాయమే.

పాత ఓపెనర్ (మధ్యాహ్నం 12:11)
మాటలు జాగ్రత్త. మీరు పుట్టకముందే నేను బ్యాటు పట్టాను.

వరంగల్ వాసు (మధ్యాహ్నం 12:13)
ఇద్దరూ కాస్త తగ్గండి, దండం పెడతా.

పాత ఓపెనర్ (మధ్యాహ్నం 1:40)
ఒక్కటి చెప్పి ఆపేస్తాను. ఈ దేశంలో మావాడి చదువు నాకు తెలిసిన పద్ధతి కాదు, వాడి స్నేహితులు, వాడి తిండి ఏదీ నా చేతిలో లేదు. బ్యాటు ఒక్కటే నాకు తెలుసు. పెరట్లో నేను బంతులు విసిరితే వాడు కొట్టేవాడు. ఆ క్లాసులు మొదలయ్యాక ‘నాన్నా, నువ్వు తప్పు చెప్తున్నావంట’ అని బ్యాటు లోపల పెట్టేశాడు. మీరంతా డిగ్రీలు, దిబ్బలు అంటుంటే నాకు ఆ మాటే వినిపిస్తుంది. కొడుక్కి తండ్రి నేర్పడమే తప్పా?

కేజ్ నాన్న (మధ్యాహ్నం 2:30)
అన్నగారూ, ఇందాక అన్న ఆఖరి మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలా అనకూడదు. మీరు పెరట్లో విసరడం ఆపకూడదు, ఆపించినవాళ్ళది తప్పు. కానీ మణికట్టు విషయంలో మాత్రం నా మాట మారదు.

సాఫ్ట్‌బాల్ అమ్మ (మధ్యాహ్నం 3:05)
నేను మా అమ్మాయి జట్టులో అసిస్టెంట్ కోచ్‌ని, నాలుగేళ్ళుగా. నేను చూసింది చెప్తాను. కోచ్ పిల్లలకి చెప్పే మాట వేరు, బ్యాటు నిజంగా వెళ్ళే దారి వేరు. భుజం జారిపోయి బంతి కింద తవ్వుతున్న పిల్లకి ‘కిందికి కొట్టు’ అంటే ఒక్కోసారి ఆమె స్వింగ్ సరిగ్గా సమానంగా వస్తుంది. అదే మాట మామూలుగా కొట్టే పిల్లకి చెబితే బంతి నేలకేసి కొడుతుంది. మాట తప్పా కరెక్టా అని నిన్నటినుంచి వాదిస్తున్నారు. బంతి నిట్టనిలువుగా లేచేలా ఆ పిల్లాడి భుజం ఎందుకు జారుతోందని ఒక్కరూ అడగలేదు. నేను బ్యాటు సైజు అడిగింది అందుకే. ఇది మూడోసారి. ఇంకోటి, కోచ్ కాక ఇంకెవరైనా బాబుకి చెప్తున్నారా?

ఫ్రిస్కో నాన్న (సాయంత్రం 5:20)
అక్కా, సారీ, ఇంట్లో చుట్టాలున్నారు, ఇప్పుడే అన్నీ చదివాను. బ్యాటు 31 అంగుళాలు, 23 ఔన్సులు. పిల్లాడు ఎదుగుతున్నాడు కదా, రెండేళ్ళు వస్తుందని పెద్దది తీసుకున్నాం. వాడి ఎత్తు 4 అడుగుల 5 అంగుళాలు.

ఇంకెవరు చెప్తున్నారంటే, నేనే. ఫెన్స్ వెనక నిలబడి ‘మోచెయ్యి పైకి, మోచెయ్యి పైకి’ అని పోయిన ఏడాది నుంచి అరుస్తున్నాను. మన క్రికెట్‌లో ముందు మోచెయ్యి పైకుండాలంటారు కదా. ఇక్కడ మిగతా నాన్నలు కూడా అదే అరుస్తుంటే, అదే అనుకున్నా. వాడు వెనక మోచెయ్యి చెవి దాకా ఎత్తుతున్నాడు.

సాఫ్ట్‌బాల్ అమ్మ (సాయంత్రం 5:48)
దొరికింది. క్రికెట్‌లో చెప్పేది ముందు మోచెయ్యి, ఇక్కడ అరిచేది వెనక మోచెయ్యి, రెండూ వేరు. ఆ ఎత్తు పిల్లాడికి 28 అంగుళాలు, మహా అయితే 29. 28 అంగుళాలది 18 ఔన్సుల్లో దొరుకుతుంది. మీది అయిదు ఔన్సులు ఎక్కువ, ఆ బరువంతా చివర్న లాగుతుంది. దానికి తోడు వెనక మోచెయ్యి చెవి దగ్గరుంటే, కొట్టడానికి అది అంత పైనుంచి పక్కటెముకల దగ్గరికి దిగాలి. బరువైన బ్యాటుతో అది దిగేటప్పుడు భుజాన్ని కూడా లాక్కుపోతుంది. బ్యాటు బంతి కిందకి పోతుంది, బంతి నిట్టనిలువుగా లేస్తుంది. అది చూసి కోచ్ కిందికి కొట్టమన్నాడు. ఇప్పుడు బాబు ఒకేసారి మోచెయ్యి ఎత్తాలి, భుజం జారకూడదు, కట్టె నరకాలి. ముందు చిన్న బ్యాటు ఎవరినైనా అడిగి తీసుకోండి. మోచెయ్యి వాడికి హాయిగా ఉన్నచోట ఉంచుకోమనండి. రెండు వారాలు ఫెన్స్ దగ్గర ఏమీ అనకండి. కోచ్‌కి కూడా ఈ సంగతి చెప్పండి, ఆయనకి మీ అరుపు సంగతి తెలిసి ఉండదు.

కేజ్ నాన్న (సాయంత్రం 6:10)
మేడమ్, నేను మొదటే బ్యాటు గురించి అడగాల్సింది. ఒప్పుకుంటున్నాను.

చిత్తూరోడు (సాయంత్రం 6:15)
మాదీ రెండేళ్ళు వస్తుందని కొన్న బ్యాటే. ఇప్పుడే వెళ్ళి కొలిచాను. 30.

ఫ్రిస్కో నాన్న (తర్వాతి శనివారం, రాత్రి 8:55)
వాడి స్నేహితుడి పాత 28 అంగుళాల బ్యాటు అడిగి తెచ్చాం. ఈ రోజు మ్యాచ్‌లో రెండుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు (మూడు స్ట్రైకులు పడి ఔట్). మూడోసారి కొట్టింది రెండో బేసు మీదుగా గాల్లో నేరుగా పోయి పడింది. నేను కుడివైపు చివర, పార్కింగ్ పక్కన నిలబడ్డాను, ఒక్క మాట అనలేదు. చాలా కష్టమైంది. ఇంటికొచ్చాక వాడే ‘నాన్నా, పెరట్లో బంతులు విసురుతావా’ అన్నాడు. చీకటి పడేదాకా విసిరాను.

పాత ఓపెనర్ (రాత్రి 9:20)
సంతోషం తమ్ముడూ. రేపు విసిరేటప్పుడు వీడియో తీసి పెట్టు. పక్కనుంచి తియ్యి, మణికట్టు కనపడాలి.