పీజీ వేదాంత చదువుకు ముందే బైబిల్ సాఫ్ట్‌వేర్ కొనాలా, వద్దా?

కొత్తవిద్యార్థి:
అందరికీ వందనాలు. వచ్చే టర్మ్‌లో పాత నిబంధనలో ఎంటీహెచ్ (వేదాంత పీజీ) మొదలుపెడుతున్నాను. బీడీలో (వేదాంత డిగ్రీలో) హీబ్రూ ఒక ఏడాది చదివాను కానీ సగం మర్చిపోయాను. ల్యాప్‌టాప్‌ని ఎలా సిద్ధం చేసుకోవాలి? హీబ్రూ, గ్రీకు మాటల అర్థం, వ్యాకరణం చూపించే లోగోస్, అకార్డెన్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ముందే కొనుక్కోవాలా? చేరకముందే టెన్షన్ పట్టుకుంది.

తాళపత్రం:
కొనొద్దు తమ్ముడూ. హీబ్రూ చెప్పడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మాట మీద మౌస్ పెట్టగానే ధాతువు, కాలం, పురుష, లింగం అన్నీ బయటపడితే బుర్రకి ఇంక పనేముంటుంది? "వయ్యోమెర్" ("అతడు అన్నాడు") అనే మాట ఆదికాండంలో ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. అందులో అలెఫ్ అనే అక్షరం ఎందుకు పలకదో సొంతంగా చెప్పలేని పీజీ విద్యార్థుల్ని చాలామందిని చూశాను. ఒక వ్యాకరణం, ఒక నిఘంటువు, అచ్చయిన హీబ్రూ పాఠం చాలు. కంప్యూటర్ టైపు చేసుకోవడానికే.

పాతఫాంట్‌బాధితుడు:
సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లో తెరిచినా అక్షరం మారని పద్ధతి) కీబోర్డ్ వేసుకో బ్రదర్. నా థీసిస్‌లో రెండు అధ్యాయాలు పాత గ్రీకు ఫాంట్‌లో కొట్టాను. సమర్పించే ముందు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే "లోగోస్" (వాక్యం) అనే గ్రీకు మాట ఉండాల్సిన చోట ఎల్, ఓ, ఒక గీత, జీ, ఓ, జే కనిపించాయి. ఆ ఫాంట్‌లో నిజంగా ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే, గ్రీకు వాటి మీది ముసుగు. ప్రతి మాటా చేత్తో మళ్లీ కొట్టాను. పాత తెలుగు డీటీపీ ఫైళ్లు తెరిచినవాళ్లకి ఈ బాధ తెలుసు.

రాత్రిబడి:
తాళపత్రం మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. నిఘంటువు తిరగేయడానికి టైమ్ ఎవరికి ఉంది? నేను రెండు సంఘాలు చూసుకుంటూ చదువుతున్నాను. కూర్చునేసరికి రాత్రి పది. ఒక్క వచనానికి గంటన్నర పడితే సెమినార్ పేపర్ ఎప్పుడు రాయాలి? డబ్బు పెట్టక్కర్లేదు కూడా. టిండేల్ హౌస్ వాళ్ల స్టెప్ బైబిల్ ఉచితం, మాట మీద నొక్కితే అర్థం, వ్యాకరణం వస్తాయి.

తాళపత్రం:
నేను చెప్పేదీ అదే కదా. నొక్కితే వస్తాయి, మనసులో నిలవవు. పైగా ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎన్నాళ్లుంటాయి? బైబిల్‌వర్క్స్ 2018లో మూతపడింది. 1906 నాటి బీడీబీ హీబ్రూ నిఘంటువు ఈ రోజుకీ నా బల్ల మీద ఉంది.

రాత్రిబడి:
బీడీబీ కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది మాస్టారూ. అదే పుస్తకం నా ఫోన్లో ఉంది. అది పుస్తకం కాదంటారా?

గ్రంథసూచి:
మీరిద్దరూ కానివ్వండి. కొత్తవిద్యార్థి గారూ, జొటేరో (చదివిన పుస్తకాల వివరాలు దాచి ఫుట్‌నోట్లు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్) మొదటి రోజే వేసుకోండి. ఉచితం. అందులో ఎస్‌బీఎల్ పద్ధతి (బైబిల్ పండితుల సంఘం వాడే రెఫరెన్స్ పద్ధతి) కూడా ఉంది, ఫుట్‌నోట్లు చేత్తో దిద్దుకునే పని తప్పుతుంది. మీ కాలేజీ ఏ పద్ధతి అడుగుతుందో మాత్రం కనుక్కోండి.

పాతఫాంట్‌బాధితుడు:
ఫాంట్ మాట ఎవరూ పట్టించుకోవట్లేదు. హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. తెలుగు పేరా మధ్యలో హీబ్రూ మాటలు పెడితే బ్రాకెట్లు తిరగబడతాయి, చివరి చుక్క వాక్యం ముందుకొచ్చి కూర్చుంటుంది. హీబ్రూకి విడిగా ఒక స్టైల్ పెట్టుకోండి. థీసిస్ చివర్లో చేద్దామనుకుంటే ఏడుపే.

తాళపత్రం:
ఉన్న మాట చెబుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మూలభాష కోసం గంటన్నర కూర్చోలేనివాళ్లు పాత నిబంధనలో పీజీకి రాకూడదు.

రాత్రిబడి:
నొచ్చుకోకుండా ఎలా ఉంటాను మాస్టారూ? ఒక సెమినరీలో ఇదే మాట నా మొహం మీద అన్నారు. భాషా పరీక్షలో నాలుగు మార్కులు తగ్గాయని నా సీటు ఒక ఏడాది ఆపారు. ఆ వారమే మా సంఘంలో ఇద్దరిని సమాధి చేసి వచ్చాను. ఎవరూ అడగలేదు. హాస్టల్లో ఉండి, లైబ్రరీ పక్కనే పెట్టుకుని, ఇంటి బరువు లేనివాళ్లే పండితులవ్వాలంటే ఆ మాట సూటిగా అనండి. సాఫ్ట్‌వేర్ మీద నెట్టకండి.

సమరయ:
రాత్రిబడి అన్నా 🙏

తాళపత్రం:
రాత్రంతా మీ మాటే తలచుకున్నాను పాస్టర్ గారూ. "రాకూడదు" అనడం నా తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా భయం ఎక్కడ పుట్టిందో వినండి. నా విద్యార్థి ఒకడు ఒక అధ్యాయమంతా ఒకే క్రియ మీద కట్టాడు. వావ్, యోద్, షీన్, బేత్, నాలుగే అక్షరాలు. అచ్చుగుర్తులు లేకపోతే దాన్ని "వయ్యేషెబ్" అని చదివి "కూర్చున్నాడు" అనుకోవచ్చు, "వయ్యాషొబ్" అని చదివి "తిరిగొచ్చాడు" అనుకోవచ్చు. ఆ గుర్తులు పెట్టింది మసోరెతులు, హీబ్రూ పాఠాన్ని కాపాడిన యూదు పండితులు. సెప్టువజింత (పాత నిబంధనకి ప్రాచీన గ్రీకు అనువాదం) అనువాదకులు కొన్నిచోట్ల వాళ్లకంటే వేరేగా చదివారు. సాఫ్ట్‌వేర్ ఒక్క జవాబే చూపించింది, వీడు దాన్నే నమ్మాడు. "రెండోది ఎందుకు కాకూడదు?" అని వైవాలో (థీసిస్ మౌఖిక పరీక్షలో) అడిగితే నోరు పెగల్లేదు. పక్కన కూర్చున్నది నేనే. ఆ తర్వాత వాడు మళ్లీ చదువు వైపు రాలేదు.

రాత్రిబడి:
ఇది మొదటే చెప్పి ఉంటే గొడవే ఉండేది కాదు మాస్టారూ. అయినా ఒక మాట. ఆ రెండో చదువు ఉందని నాకు తెలియాలంటే సెప్టువజింత పక్కన ఉండాలి. నాకు లైబ్రరీ దూరం. స్క్రీన్ మీద హీబ్రూ ఒకవైపు, గ్రీకు ఒకవైపు పెట్టుకుని, ఆ నాలుగు అక్షరాలు ఇంకెక్కడ వచ్చాయో వెతికితే నిమిషం పట్టదు. నేను అడిగేది ఆ నిమిషమే. ధాతువు ముందు నేనే రాసుకుంటాను, తర్వాతే మౌస్ పెడతాను. సాఫ్ట్‌వేర్ మాత్రం తీసేయను.

తాళపత్రం:
ముందు రాసుకుంటారని మీరంటున్నారు, నమ్ముతాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు రాసుకుంటాడని నమ్మలేను. మొదటి టర్మ్ అయ్యేదాకా కొనొద్దనే చెబుతాను.

గ్రంథసూచి:
బ్యాకప్ సంగతి ఇంతవరకూ ఒక్కరూ ఎత్తలేదు. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. జొటేరో ఉచిత నిల్వ 300 ఎంబీయే, స్కాన్ చేసిన పుస్తకాలు నాలుగు పెడితే నిండిపోతుంది.

కొత్తవిద్యార్థి:
అందరికీ థ్యాంక్స్. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కొనను, స్టెప్ బైబిల్ పెట్టుకుంటాను. కీబోర్డ్ వేసుకుని మాస్టారు చెప్పిన రెండు మాటలూ గుర్తులతో టైపు చేశాను. స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి, ప్రింట్ తీస్తే షీన్ మీది చుక్క పక్కకి జరిగిపోయింది. నా తప్పా, ఫాంట్ తప్పా?

పాతఫాంట్‌బాధితుడు:
ఫాంటే అయి ఉంటుంది. ఎస్‌బీఎల్ హీబ్రూ గానీ ఎజ్రా ఎస్‌ఐఎల్ గానీ వేసి, అదే పేజీ మళ్లీ ప్రింట్ తీసి చెప్పు బ్రదర్.