అప్‌డేట్: 8 మంది కేక్ 18 మందికి చేశాను

8 మందికి రాసిన కేక్ కొలతల్ని 18 మందికి ఎలా పెంచాలని అడిగాను కదా, నిన్న చేశాను. చాలా బాగా వచ్చింది! మీరు చెప్పినట్టే 18ని 8తో భాగించి, వచ్చిన 2.25తో పిండి, చక్కెర, వెన్న గ్రాముల్లో గుణించాను. టెన్షన్ పెట్టింది గుడ్లే. 2 కాస్తా 4.5 అయ్యాయి. ఐదో గుడ్డును బాగా గిలక్కొట్టి, అందులో 25 గ్రాములు తూచి పోశాను. ఈ చిట్కా చెప్పినవారికి ప్రత్యేకంగా థాంక్స్. 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్ను బదులు 30ది వాడాను. దాని వైశాల్యం కూడా సరిగ్గా 2.25 రెట్లే, అందుకే కేక్ మందం మారలేదు. ఓవెన్ టైమ్‌ను మాత్రం గుణించలేదు. పాత టైమ్‌కే పుల్ల గుచ్చి చూస్తే నడుమ తడిగా ఉంది, ఇంకో 10 నిమిషాలు ఉంచాను.